ఆరో పేరు

పిడుగురాళ్లలో పెళ్ళి ఊరేగింపు మధ్యలో కొండమ్మత్త నా పాట వైరు పీకేసిందని నవీద్ ఫోన్ చేసినప్పుడు, నేను హైదరాబాదులో క్లబ్బు మేనేజరుతో పోట్లాడుతున్నాను. వాడు బేస్ తగ్గించమంటాడు. బేస్ తగ్గించాక ఇక నేనెందుకు, రేడియో పెట్టుకోమని నేనంటాను. ఆ కోపం మీద ఉండి నవీద్ మాట సగమే విన్నాను.

"ఏ వైరు?" అన్నాను.

"జనరేటరు వైరు. మనూరి పిల్ల చేసిందని నీ పాటే పెట్టా సుస్మితా. పెళ్ళోళ్ళంతా ఎగురుతున్నారు. ఆమె వంటల కాడ గిన్నెలు కడుగుతా ఉంది. తడి చేతులతోనే లేచొచ్చి పీకి పారేసింది. షాక్ కొట్టి చచ్చేదే! ఆ పాటలో గొంతు ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది."

ఎవరిదని నేను అడగలేదు. నాకు తెలుసు కదా.

"రేపు రా," అన్నాడు నవీద్. "నువ్వు రాకపోతే తనే హైదరాబాదు వస్తానంటంది. వచ్చిద్ది కూడా."

నేను డీజేని. డీజే అంటే మా వైపు నిమజ్జనానికి ట్రాక్టరు మీద పెట్టే బాక్సులని అర్థం. నేను చేసేది అది కాదని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి మానేశాను. పోయిన ఏడాది నా మొదటి ఆల్బమ్ వచ్చింది. పేరు 'తెల్ల దుమ్ము'. ఎనిమిది పాటలు, ఒక్కదానిలోనూ పల్లవి లేదు, చరణం లేదు. హౌస్, ఎలక్ట్రో అంటారు దీన్ని. ఒకే దరువు నిమిషాల తరబడి నడుస్తుంది, కింద బేస్ కడుపులో కదులుతుంది, పైన పొగలాగా ఏదో కమ్ముకుని ఉంటుంది. ఆ పొగంతా నేను పిడుగురాళ్ల నుంచే తెచ్చాను. సున్నపు బట్టీ గాలి పీల్చుకునే హోరు, టిప్పర్లో రాయి పడే మోత, ముగ్గు మిల్లు బెల్టు కీచు. వాటిని సాగదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఏడో పాటలో మాత్రం ఒక ఆడమనిషి గొంతు వినిపిస్తుంది. అందరికీ నచ్చింది అదే. బెంగుళూరులో ఒక పెద్దమనిషి దాన్ని పల్లెటూరి జోలపాట అని రాశాడు. జోలపాట! వాడి మొహం మండ. ఆ గొంతు మా ఇంటి మీద దుమ్మెత్తి పోస్తోంది.

పన్నెండేళ్ళ కిందటి మాట. మా నాన్న సాంబశివరావుకు పిడుగురాళ్లలో రెండు సున్నపు బట్టీలు. కూలీలను మా సొంతూరు రాజుపాలెం నుంచే తెచ్చుకునేవాడు. అలా వచ్చినవాడే కన్నయ్య మామ. ఊరి వరసలో ఆయన నాన్నను బావా అనేవాడు, ఆయన భార్య కొండమ్మత్త అన్నయ్యా అనేది. బట్టీలో పైనుంచి రాయీ బొగ్గూ వరసలుగా పోస్తారు, అడుగు నుంచి కాలిన సున్నం లాగుతారు. ఒక్కోసారి పైన గట్టిగానే కనిపిస్తుంది గాని లోపల కాలిపోయి బోలుగా ఉంటుంది. ఒకనాడు పొద్దున్నే కన్నయ్య మామ దాని మీద కాలు పెట్టాడు. దిగిపోయాడు. ఏమీ దొరకలేదు. అక్కడ దొరకడానికి ఏమీ మిగలదు.

ఎవరెవరు పనికొచ్చారో రాసుకునే పుస్తకాన్ని మా దగ్గర మస్టరు అంటారు. ఆ మస్టరులో వారం రోజుల నుంచీ కన్నయ్య మామ పేరు లేదు. వారంగా పనికే రావడం లేదని నాన్న స్టేషన్లో చెప్పి, సాక్ష్యంగా పుస్తకం అక్కడే ఇచ్చొచ్చాడు. ఆ పొద్దున బట్టీ మీద పక్కనే ఉన్న కూలీ యల్లమంద, తను చూసింది కొండమ్మత్తకు చెప్పాడు గాని, స్టేషన్ మెట్లెక్కేసరికి ఏమీ చూడలేదన్నాడు. మనిషి కనబడుటలేదు అని రాసుకున్నారు. ఊరు ఊరుకుంటుందా? మాచర్ల దాన్నెవరినో లేపుకుపోయాడని కథ అల్లింది. శవం లేదు, దినం లేదు. బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో కొండమ్మత్తకు చెప్పే దిక్కు లేదు. వాళ్ళ కూతురు సాయిసాత్వికకు అప్పుడు మూడేళ్ళు. ఇవాళ్టికీ బళ్ళో ఆ పిల్లను లేచిపోయినోడి కూతురనే పిలుస్తారు.

ఇరవయ్యో రోజు కొండమ్మత్త మా గేటు ముందుకొచ్చింది. మా వీధిలో దుమ్ము కూడా సున్నంలా తెల్లగానే ఉంటుంది. రెండు చేతులా ఎత్తి ఇంటి మీదికి విసిరింది. నేను మేడ మీద కిటికీలోంచి ఫోనులో రికార్డు చేశాను.

"ఒరే సాంబశివరావూ! అన్నయ్యా అని పిలిచిన నోరురా ఇది! నా కన్నయ్య నీ బట్టీలోనే దిగిపోయాడు గదరా! పనికి రాలేదంటావా? నా కన్నయ్య రాలేదంటావా? నీ నోట మన్నుబడ! నీ చేతులు పడిపోను! నీ ఇంట దీపం పెట్టే దిక్కు లేకుండా పోను!"

అందులోంచి నేను పాటకు వాడుకున్నది 'రాలేదంటావా', 'మన్నుబడ', 'చేతులు పడిపోను', 'దీపం పెట్టే దిక్కు'. సాంబశివరావును కోసేశాను. కన్నయ్యను కోసేశాను. పేర్లు దరువుకు అడ్డం పడుతున్నాయని నాకు నేను చెప్పుకున్నాను. ఆల్బమ్ వేసిన కంపెనీ వాళ్ళు ఆ గొంతు ఎవరిదని అడిగితే, మా ఊరి పెద్దామెది, అనుమతి ఉందన్నాను. పచ్చి అబద్ధం.

మర్నాడు పది గంటలకు పిడుగురాళ్లలో దిగాను. నవీద్ షాపు హైవే పక్కనే. బాక్సులు, లైట్లు, జనరేటర్లు అద్దెకిస్తాడు. నాకు మిక్సరు మీద చెయ్యి పెట్టడం నేర్పింది వాడే. లోపల ఒక పెద్ద బాక్సు మీద కొండమ్మత్త నిటారుగా కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. నుదుట బొట్టు మాత్రం అప్పటిలాగే, రూపాయి బిళ్ళంత.

"వచ్చావా కోడలా," అంది. గొంతు బొంగురుపోయి, ఇసక మీద గమేళా ఈడ్చినట్టుంది. "ఎగరడానికి బాగుందా నా ఏడుపు?"

"అత్తా, నేను చెప్పేది..."

"ఆగు. తీసుకున్నందుకు గాదు నా మంట. గాలికి పోయేదాన్ని నువ్వు మూటగట్టుకున్నావు, కట్టుకో. పేర్లేయి?"

నేను నవీద్ వైపు చూశాను. వాడు వైర్లు చుట్టుకుంటూ తల ఎత్తలేదు.

"నిన్నే అడిగేది. నేను తిట్టింది మీ నాయన్ని. చెప్పింది నా మొగుడి సంగతి. ఆ రెండు పేర్లూ యాడ పోయినయ్యి? పేరు లేని తిట్టు ఎవరి మీద పడిద్దే? దారి తెలవక తిట్టినోళ్ళ ఇంటికే తిరిగొచ్చిద్ది. ఏడాది నుంచి ఎన్ని ఊళ్ళల్లో మోగించావో, అన్ని సార్లూ నా కొంప మీద పడింది. మొన్న పిల్లకు డెంగీ వచ్చి చావు దాకా పోయొచ్చింది."

నాకూ ఒళ్ళు మండింది. "డెంగీ దోమ కుడితే వస్తుందత్తా. పాట పెడితే రాదు."

"దోమకు మా ఇల్లు ఎవరు చూపిచ్చారే?"

చదువుకున్నదాన్నే, నోరున్నదాన్నే. క్లబ్బులో తాగి మీదికొచ్చేవాళ్ళను మాటతోనే బయటికి గెంటిన రోజులున్నాయి. అక్కడ మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"పాట తీసేయమంటావా?" అన్నాను చివరికి.

"తీసేస్తే ఉన్న గొంతు గూడా పోయిద్ది. ముగ్గు మిల్లు పొడి మింగీ మింగీ నాకిప్పుడు అట్టా అరిచే ఊపిరి లేదు. నా గొంతు నీ కాడ తప్ప యాడా లేదు. పేర్లు పెట్టు."

"స్టేషన్‌కు వెళ్ళి రాసిస్తాను. జరిగింది ఇదీ అని సంతకం పెట్టి కాగితం ఇస్తాను."

"కాగితమా!" నవ్వింది. నవ్వులోంచి దగ్గు వచ్చింది. "కాగితాలు మీ ఇంట్లో తయారయ్యేయే గదా. నాకొద్దు. నోటితో చెప్పాలి. జనం వినాలి. ఏ పెట్టెల్లో విని ఎగిరారో ఆ పెట్టెల్లోనే వినాలి, కన్నయ్య ఎవరినీ లేపుకుపోలేదని."

ఆమె లేచి నా పక్క నుంచి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మీ నాయన పుస్తకంలో నా మొగుడి పేరు తీసేశాడు. నువ్వు పాటలో తీసేశావు. ఏమే, మీ ఇంట్లో అందరికీ ఇదే పనా? రేపు మధ్యాన్నం దాకా చూస్తా."

అక్కడి నుంచి ఇంటికి వెళ్ళాను. రెండేళ్ళయింది నేను ఆ గేటు తీసి. అమ్మ పోయాక నాన్న ఒక్కడే ఉంటున్నాడు, వంటకు మనిషి ఉంది. వరండాలో కూర్చుని పెసరట్టు తింటున్నాడు. పాట గురించి వినే ఉంటాడు, కొడతాడేమో కూడా అనుకుని సిద్ధపడే వెళ్ళాను. కొడితే నాకు సుఖంగా ఉండేది.

"రా అమ్మాయ్, కూర్చో," అన్నాడు. "విన్నాలే నీ పాట. మన లారీ డ్రైవరు పెట్టి వినిపిచ్చాడు."

"విని?"

"విని ఏంది? మొదట గుండె జారింది. కొండమ్మ గొంతు నాకు తెలవకపోవడమేంది! ఆ చివరి దాకా చెవి పెట్టి విన్నా. నా పేరు యాడా లేదు." చట్నీలో అట్టు ముక్క అద్దుకున్నాడు. "అప్పుడనుకున్నా. ఎంత దూరం పోయినా, జుట్టు కత్తిరిచ్చుకుని ఎన్ని వేషాలేసినా, యాడ కొయ్యాలో దానికి తెలుసు, నా బిడ్డ నా బిడ్డే అని. చానా తెలివైన దానివి."

నా పుట్టుకలో మా నాన్న నన్ను మెచ్చుకోవడం అది రెండోసారి. ఆల్బమ్ గురించి ఇంతమంది ఇన్ని రాశారు గాని, ఏడో పాటలో నేను నిజంగా ఏం చేశానో అర్థం చేసుకున్నవాడు ఆయనొక్కడే.

"పేర్లు మళ్ళీ పెడుతున్నాను," అన్నాను.

ఆయన నమలడం ఆపలేదు. "ఎవరి పేరు?"

"నీది. కన్నయ్య మామది."

"పెట్టు. పెట్టినాక ఎవడో ఒకడు స్టేషన్లో ఆ పుస్తకం బయటికి తీయిస్తాడు. అందులో నా అక్షరం ఒక్కటి గూడా లేదు. చేతిరాత ఎవరిదని అడిగితే ఏం జెప్తావు?"

ఆయన మొదటిసారి నన్ను మెచ్చుకున్నది ఆ చేతిరాతకే. కన్నయ్య మామ దిగిపోయిన రోజు సాయంత్రం నాన్న రెండు పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. నాకు పదిహేడేళ్ళు, ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. "నీ రాత ముత్యాల్లాగా ఉంటది. పాతదాని మీద టీ ఒలికింది, తిరగరాయి. ఈ చివరి వారం మాత్రం ఆరో పేరు వదిలెయ్," అన్నాడు. పాతదాని మీద ఏ టీ మరకా లేదు. పొద్దున్నే బట్టీ మీంచి యల్లమంద వేసిన కేకలు మా మేడ మీదికి వినిపించాయి. ఎందుకు వదిలెయ్యాలని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది. గీతలు కొట్టి, వరస సంఖ్యలు వేసి, అందంగా రాసిచ్చాను. పాత పుస్తకాన్ని ఆయన బట్టీలోనే వేశాడు.

"నాదేనని చెప్తాను," అన్నాను.

ఇప్పుడు చెయ్యి ఆగింది. "ఏందీ?"

"చేతిరాత నాదేనని చెప్తాను. నువ్వు రాయమన్నావు, తెలిసే రాశాను అని చెప్తాను."

"ఒసేయ్, బుర్ర పని చేత్తందా నీకు? దానికేం బోయింది, గిన్నెలు తోముకునేది. బొక్కలో ఏసేది నన్నూ నిన్నూనే. నీ క్లబ్బోళ్ళు గేటు కాడికి గూడా రానియ్యరు నిన్ను."

"వెయ్యనీ."

"అయితే ఒకటి గుర్తు పెట్టుకో. ఆ నోరు తెరిచిన పూట నుంచి ఈ గడప నీది గాదు. నేను చచ్చినా రాబాక."

"నీకు దీపం ఎవరు పెడతారు మరి?" అన్నాను.

అనకూడని మాట. కావాలనే అన్నాను. పళ్ళెం ఎత్తి నా మీదికి విసిరాడు. చట్నీ గోడకు కొట్టుకుంది. నేను బయటికొచ్చి గేటు వేశాను.

మధ్యాహ్నమంతా నవీద్ షాపులో కూర్చున్నాను. అసలు రికార్డింగు నా డిస్కులో ఉంది. పేర్లు దరువుకు అడ్డం పడుతున్నాయనుకున్నాను చూడండి, అదొక్కటీ నిజమే. 'సాంబశివరావూ' అని ఆమె సాగదీసిన చోట ఏ కొలతా నిలవదు. ఎన్ని రకాలుగా జరిపి చూసినా కుదరలేదు. చివరికి విసుగొచ్చి దరువునే ఆపేశాను. పేరు వచ్చే ముందు డ్రమ్ము, బేస్ అన్నీ ఆగిపోతాయి. బట్టీ హోరు ఒక్కటే ఉంటుంది. ఆమె రెండు పేర్లూ అరిచాక మళ్ళీ మొదలవుతుంది. ఈ పాటకు ఎవడూ ఎగరలేడు. ఎగిరితే కాలు విరుగుతుంది.

ఆఖరున మైకు తీసుకుని, కన్నయ్య మామ దిగిపోయిన పొద్దుటి మస్టరు నా గొంతుతో చదివాను. ఒకటి ఇన్నయ్య, రెండు మన్సూర్, మూడు యల్లమంద, అలా పదకొండు పేర్లూ. అన్నీ నాకు నోటికి వచ్చు, పన్నెండేళ్ళుగా వచ్చు. ఆరో పేరు కన్నయ్య. తరవాత ఒక్క మాట చేర్చాను. "ఈ పుస్తకంలో ఆరో పేరు తీసేసి తిరగరాసింది నేను, సాంబశివరావు కూతురు సుస్మితను."

నవీద్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వా రాసింది?"

"నేనే."

"ఇన్నేళ్ళు నాతో టీ తాగావు గదే."

"ఇప్పుడు తాగొద్దులే," అన్నాను.

కంపెనీకి ఫోన్ చేస్తే ఇలాంటి పాట తాము వెయ్యమని, ఉన్న పాటనూ తీసేస్తామని అన్నారు. తీసుకోమన్నాను. కొత్తదాన్ని నా సొంత పేరు మీద ఎక్కించాను. మర్నాడు పొద్దున స్టేషన్‌కు వెళ్ళి కాగితం కూడా రాసిచ్చి వచ్చాను. కొండమ్మత్త వద్దన్నా సరే, ఆ పుస్తకం పక్కన నా రాతతోనే ఇంకో కాగితం ఉండాలనిపించింది.

మధ్యాహ్నం ఆమె వచ్చింది. లోపలికి రాలేదు. "పెట్టెలు బయట పెట్టు," అంది నవీద్‌తో. వాడు రెండు బాక్సులు రోడ్డు వైపుకు తిప్పి పెట్టాడు. పక్కన టీ బంకు, పంక్చర్ షాపు, ఎదురుగా సున్నం లారీలు. పాట మొదలవగానే టీ బంకు దగ్గర ఒకడు, "ఓహో, పెళ్ళిలో పాట!" అని భుజాలు కదిపాడు. దరువు ఆగింది. రోడ్డు పొడుగునా 'ఒరే సాంబశివరావూ' అని వినిపించేసరికి వాడి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ పేరు తెలియనివాళ్ళు పిడుగురాళ్లలో ఎవరున్నారు?

'నా కన్నయ్య నీ బట్టీలోనే దిగిపోయాడు గదరా' అని వచ్చినప్పుడు కొండమ్మత్త బాక్సుల వైపు చూడలేదు. జనం మొహాలు చూసింది. ఒక్కొక్కరినే, టీ బంకు నుంచి పంక్చర్ షాపు దాకా, వరసగా. కొందరు తల దించుకున్నారు. ఒక లారీ డ్రైవరు ఇంజన్ ఆపి కిందికి దిగాడు.

తరవాత నా గొంతు మొదలైంది. పదకొండు పేర్లూ అయ్యాయి. చివరి మాట కూడా అయింది. అది ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేను వెనకే నిలబడి ఉన్నాను, మెల్లగా నా వైపు తిరిగింది.

"నువ్వా?"

"నేనే అత్తా."

"తెలిసే రాశావా?"

"తెలిసే రాశాను."

రోడ్డు మీద ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. అది దాటిపోయేదాకా ఆగింది.

"ఆరో లైను ఖాళీగా వదిలావా?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం నోరు తెరిచిన మాట నిజం.

"లేదత్తా. ఏడో పేరు పైకి జరిపాను."

"ఖాళీ గూడా ఉంచలా," అంది. నాతో కాదు. తనలో తనే రెండుసార్లు అనుకుంది.

అప్పుడు కొంగు తీసుకుని, అంతమంది ముందు, నుదుట బొట్టు తుడిచేసుకుంది. పన్నెండేళ్ళ బొట్టు కదా, తొందరగా పోలేదు. పోయేదాకా తుడిచింది. నవీద్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తరవాత వంగి, రెండు చేతులా రోడ్డు పక్క తెల్ల దుమ్ము ఎత్తింది. ఊపిరి లేదన్న మనిషికి ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. "ఏమే సుస్మితా! సాంబశివరావు కూతురా! నీ చేతులు పడిపోను!" అని నా మీద పోసింది. కళ్ళల్లో పడింది, నోట్లో పడింది. సున్నం రుచి. నేను వెనక్కి జరగలేదు. పన్నెండేళ్ళ కిందట 'నీ చేతులు పడిపోను' అని ఆమె తిట్టింది మా నాన్న చేతులను. ఇప్పుడా తిట్టు, రాసిన చేతుల మీదే పడింది. ఫోను నా జేబులోనే ఉంది. ఈసారి తీయలేదు.